పక్కన ఎవరూ అక్కర్లేని పని

గద్వాల చీరకు మగ్గం మీద ఇద్దరు కావాలి. ఒళ్ళు నూలు, అంచు పట్టు. నూలుకూ పట్టుకూ వేరువేరుగా దారం ఆడించే నాడెలు అటూ ఇటూ అందుకోవడానికి పక్కన ఇంకొకరు కూర్చోవాలి. మా ఆవిడ బాలనాగమ్మ పోయాక ఆ పక్క ఖాళీ అయింది. పిల్లలు లేరు. మగ్గం ఆపేసి, ఊరవతల రేడియోలకు కాయిళ్ళు చుట్టే షెడ్డులో చేరాను. అక్కడ స్టూలుకు ఒక మనిషి. రాగి తీగ చుట్టుకుంటూ పోవడమే. నీ పక్కన ఎవరని ఎవరూ అడగరు.

కొన్నేళ్ళు బాగానే గడిచింది. తొంభై నాలుగులో సూపర్‌వైజర్ వెంకటన్న కొత్త కాయిల్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది మలేషియాది. బొంబాయి చేరినంక గూడ మనదాని కన్న సస్తా. బయటి సరుకు మీద పన్ను తగ్గించిండ్రు గద. ఆడ సర్కారే కంపెనీలకు జాగ ఇస్తదట. కరెంటు పోనే పోదట."

"మలేషియా యాడుంటది సారూ? రాయచూరు అవుతలనా?" అంది పక్క స్టూలు జములమ్మ.

అందరూ నవ్వారు. అంతలో కరెంటు పోయింది. ఇంకా నవ్వారు.

రేటు తగ్గిస్తే మా కాయిళ్ళు కొనే బొంబాయి కంపెనీ ఆర్డరు మనకే ఉంచుతుందని యజమాని చెప్పించాడు. కూలి తగ్గించుకుంటారా అంటే అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. వెంకటన్న వింతగా చూశాడు.

దసరా ముందు కబురొచ్చింది. ఆర్డరు పోయింది.

"మలేషియాకేనా?" అంది జములమ్మ.

"వాళ్ళకు గూడ దక్కలే. చైనావాళ్ళు ఇంకా తక్కువకు ఒప్పుకున్నరట," అన్నాడు వెంకటన్న.

"అయితే ఆడ గూడ మనసొంటోళ్ళు ఇంటికి పోతుండ్రన్నట్టు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మిషన్లు లారీకి ఎక్కిస్తుంటే జములమ్మ, నేను గేటు దాకా కలిసి నడిచాం.

"మేం పూనా పోతున్నం పెద్దనాయినా, మేస్త్రీ తోని బిల్డింగు పనికి. నువ్వేం జేస్తవు?"

"మగ్గమున్నది."

"దానికి ఇద్దరు గావాలె గద. ముందే చెప్తే నేను నేర్చుకోకపోతుంటినా?" అని నవ్వింది.

"బస్సుకు టైమైతుంది, పో," అన్నాను.

మరునాడు మగ్గాలకు నూలిచ్చే షావుకారు దగ్గరికి పోయి తువ్వాళ్ళు నేయడానికి పడుగు అడిగాను.

"చీరలు నేసిన చెయ్యి. తువ్వాళ్ళేంది గోపాలయ్యా?"

"తువ్వాళ్ళే ఇయ్యి సావుకారీ. ఒక్క నాడెతోని అయితయి," అన్నాను.