కొర్రమట్ట తలకాయ

ఎక్సెల్ మోపెడ్ అమ్మితే గండయ్య చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరగాల్సిందే. ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసింది గండయ్యకే. అయినా శామీర్‌పేట చెరువులో పట్టిన చేపల్ని ఊరూరా తిప్పే ఆ బండికి పక్కింటి ఇస్తారితో బేరం కుదుర్చుకున్నాడు. సర్కారు కాలేజీలో ఇంటర్ రెండో ఏడు చదువుతున్న కూతురు శైలజ డాక్టర్ కావాలంటే నీట్ రాయాలి, అందుకు మేడ్చల్‌లో కోచింగ్‌కు కట్టాలి. పిల్ల అడగలేదు. ఊళ్లోవాళ్ల మాటలు విని గండయ్యే గాభరా పడ్డాడు. రేపు సీటు రాకపోతే, మా బాపు కట్టలేకపాయె అని పిల్ల మనసులో అనుకుంటే ఎట్లా?

కట్టే ముందు ఒక రోజు ఉచితంగా కూర్చుని చూడొచ్చన్నారు కోచింగ్ వాళ్లు. తండ్రులు కూడా రావచ్చట. తాజాదో కాదో మొప్ప ఎత్తి చూడకుండా చేప కొనేవాణ్ని గండయ్య మనిషి కింద లెక్కవేయడు. తనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు.

ఆ రోజు పాఠం చేపల మీదే. తెర మీద బొమ్మలు వస్తున్నాయి, పోతున్నాయి. చేపలు మొప్పలతో నీళ్లలోని గాలి పీలుస్తాయని గబగబా చెప్పుకుపోతున్నాడు సారు. గండయ్య ఊరుకోలేక లేచాడు.

"సారూ, మరి కొర్రమట్ట నీళ్లు లేకున్నా తడి గోనెసంచిల పూటంత బతుకుతది గద. అదెట్ల?"

రెండొందల మంది పిల్లలు వెనక్కి తిరిగారు. "డౌట్లు ఆఖర్ల చూద్దాం" అన్నాడు సారు. ఆఖరు వచ్చేసరికి ఇంకో క్లాసుకు పరుగెత్తాడు. పాపం, అంతమందికి ఆయన మాత్రం ఎంతని చెబుతాడు?

తిరుగుదారిలో బండి మీద వెనక నుంచి శైలజ అంది. "దాని మొప్పల మీద చిన్న అరలుంటయి బాపూ. పైకొచ్చి గాలి మింగి అండ్ల పెట్టుకుంటది."

"నీకెట్ల ఎర్క?"

"మా కాలేజీల కామేశ్వరి మేడం కోసి సూపెట్టింది. పోయిన నెల కొర్రమట్ట తలకాయ కాయిదంల సుట్టుకపోతే తిట్టినవ్ గద, గా తలకాయే. రోజు కాలేజి అయినంక గంటసేపు మా నలుగురికి నీట్ పాఠాలు చెప్తది. పైస తీస్కోదు. నాకు గది సాలు. కోచింగ్ కోచింగ్ అని నువ్వే పరేషాన్ అయితివి."

గండయ్య బండి పక్కకు ఆపాడు. పులుసుకు పనికొచ్చే తలకాయ పాడు చేసిందని ఎన్ని తిట్లు తిట్టాడు! సిగ్గేసింది. ఆ వెంటనే కడుపు నిండినట్టయింది. తాను పైసా కట్టకుండానే ఎవరో తన బిడ్డకు ఇంత పెట్టారు. ఇస్తారికి ఫోన్ చేసి, "అన్నా, బండి అమ్మను. ఏమనుకోకు" అన్నాడు.

మర్నాడు సాయంత్రం బతికున్న పెద్ద కొర్రమట్టను బకెట్లో వేసుకుని కాలేజీలో కామేశ్వరి మేడం ముందు నిలబడ్డాడు.

"పులుసు పెట్టుకోండ్రి మేడం."

మేడం నవ్వింది. "మా ఇంట్ల చేపలు తినరు గండయ్య గారూ. నేను ఇప్పటిదాకా రుచి కూడా చూడలేదు. పోయిన నెల ఆ తలకాయను ముక్కుకు కొంగు కట్టుకొని కోసిన. ఆ రాత్రి అన్నం సహించలేదు."

"మరెందుకు కోసిండ్రు?"

"బొమ్మ చూపిస్తే పిల్లలకు ఏం సమజైతది?"

గండయ్య దండం పెడదామంటే చేతిలో బకెట్ ఉంది. దాన్ని కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"ఇగ మీరు ముట్టొద్దు మేడం. ఏ దినం ఏ చేప కావాల్నో బిడ్డతోని చెప్పి పంపుండ్రి, బండేసుకొని వస్త. కోసేది నేను, చెప్పేది మీరు."