ముందు నడిచిన అక్క

తొలకరి పడగానే అక్కాచెల్లెళ్ళిద్దరూ బుట్టలు పట్టుకుని పుట్టగొడుగుల కోసం అడవికి పోయేవారు. చెల్లెలికి బట్టలు కుట్టే కొట్టు ఉంది. అడవి మాత్రం అక్కది. మొదటి వానలకు పుట్టల మీద లేచే గొడుగులు, ముసురు రోజుల్లో పడిపోయిన మానుల మీద చెవుల్లా మొలిచేవి, చలి మొదలయ్యాక రాలిన ఆకుల కింద దాక్కునేవి, అన్నీ ఆమెకు చుట్టాలే. కోసిన ప్రతిచోటా ఒకటి వదిలి పైన ఆకులు కప్పేది.

"మళ్ళీ వస్తాం కదే! ఇంటికి తలుపేసి వెళ్ళొద్దూ?" అనేది.

ఓ ఎండాకాలం మధ్యాహ్నం ఆ అక్క గుండె ఆగి చనిపోయింది.

వానలు రాగానే చెల్లెలు ఒక్కతే వెళ్ళింది. పుట్ట మీద గొడుగులు అప్పటికే కోసేసి ఉన్నాయి, కత్తితో, నున్నగా. ఒక్కటి మిగిలి ఉంది. దాని మీద తడి ఆకులు కప్పి ఉన్నాయి. పడిపోయిన మాను దగ్గరా అంతే, వాగు ఒడ్డునా అంతే. ఆ చోట్లు తమ ఇద్దరికి తప్ప మూడో కంటికి తెలియవు.

తిన్నగా అక్క ఇంటికి వెళ్ళింది. వంటింట్లో బావ ఉన్నాడు. పక్కన నిండు బుట్ట.

"ఎక్కడివి బావా ఇవి?"

"అడవిలోవి."

"మీకెవరు చూపించారు?"

"ఎవరేంటి, మీ అక్కే. తను ముందు నడుస్తుంది, నేను వెనకాల పోతాను. ఎంత పిలిచినా వెనక్కి మాత్రం తిరగదు."

ఆమె బుట్ట అడుగుదాకా వెతికింది. తినకూడనిది ఒక్కటీ లేదు. బావ లేత్ మిషన్ మీద ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కగలడు గానీ, కొత్తిమీర తెమ్మంటే పుదీనా తెచ్చి జన్మంతా తిట్లు తిన్న మనిషి.

వానలున్నన్నాళ్ళూ ఆయన తెస్తూనే ఉన్నాడు, చిక్కిపోతూనే ఉన్నాడు. పనికి వెళ్ళడం మానేశాడు. ఆమెకు భయం కన్నా ఉక్రోషం ఎక్కువైంది. చిన్నప్పటి నుంచీ కొంగు పట్టుకు తిరిగిన తనకు కనిపించకుండా, అడవి మొహం చూడని ఈయనకా?

చలి మొదలైన ఒక పొద్దున, "నేనూ వస్తా బావా" అంది.

ఆయన నేల చూడకుండా నడిచాడు. ఎవరికో దారి ఇస్తున్నట్టు మధ్యమధ్య పక్కకు జరిగాడు. వాగు దాటాక, అక్క చెల్లెల్ని ఎన్నడూ తీసుకువెళ్ళని చోట మోకాళ్ళ మీద కూర్చుని ఒక తెల్లటి గొడుగును వేళ్ళతో పెకలించాడు. కాడ మొదట్లో పల్చటి పొర, సంచిలా. అలాంటిది ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని అక్క బెదిరించేది.

ఆయన దాన్ని పచ్చిగానే నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"బావా, అది విషం!"

"తెలుసమ్మాయ్. తనే చెప్పింది." ఆయన గొంతు నిమ్మళంగా ఉంది. "ఇవాళ వెనక్కి తిరిగింది. రమ్మంటోంది."

ఆమె ఆయన చేతి మీద ఒక్క దెబ్బ కొట్టింది. కింద పడ్డదాన్నీ, చుట్టూ మొలిచినవాటినీ చెప్పులతో తొక్కేసింది. తర్వాత చెట్ల వైపు తిరిగి అరిచింది.

"అక్కా! ఈయన్ని నేనివ్వను. వెళ్ళిపో నువ్వు. ఇంకెప్పుడూ రాకు!"

గాలి లేదు. అయినా ఎవరో నడిచి వెళ్తున్నట్టు ఎండుటాకులు చప్పుడు చేస్తూ, దూరమవుతూ, ఆగిపోయాయి. బావ నేల మీద పడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఆయన్ని లేవదీసి, భుజం పట్టుకుని ఇంటికి నడిపించింది.

వేసవిలోగా ఆయన మళ్ళీ పనిలో చేరాడు, కాస్త ఒళ్ళు చేశాడు. మేలు చేశావనీ అనలేదు, ద్రోహం చేశావనీ అనలేదు.

మరుసటి వానల్లో ఆమె ఒంటరిగా అడవికి వెళ్ళి "అక్కా" అని పిలిచింది. కాసేపాగి మళ్ళీ పిలిచింది. తడిసి ముద్దయి వస్తుంటే వీధి మలుపులో బావ ఎదురయ్యాడు.

"కనిపించిందా?" అని అడిగాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన తన గొడుగు ఆమె మీదికి వంచాడు. ఇద్దరూ ఇంటివైపు నడిచారు.