రెండు వందల యాభై ఆరు జీబీల వాన

మొదట్లో చిన్నోడి దగ్గర ఉన్నది ముప్ఫై రెండు జీబీ. వ్యాను అక్కది. అందులోకి ఎక్కించే మొక్కలు అక్కవి. ముందు అద్దానికి అతికించి ఉన్న డాష్‌క్యామ్ వ్యాను పాత యజమాని వదిలేసి వెళ్లింది. అందులోకి మెమరీ కార్డు మాత్రం చిన్నోడు సొంతంగా కొన్నాడు. అందుకే దాన్ని పెట్టుబడి అనేవాడు.

"గోరంత లేదు, అది పెట్టుబడేమిట్రా?" అనేది అక్క.

"గోరంతలో నాలుగు గంటలు పడుతుందక్కా. గంటకి ఎనిమిది జీబీ. ఎనిమిది నాలుగులు ముప్ఫై రెండు."

"ఆ నాలుగింట్లో ఒక గంట ఈ ట్రేలు మోసిపెట్టు."

రోజూ ఇదే పని. పొద్దున్నే ట్రేలు ఎక్కించడం, తాళం తిప్పడం, ఇళ్లకీ ఆఫీసులకీ మొక్కలు దించి రావడం. తాళం తిప్పగానే కెమెరా కీచుమని అరిచి దారిని వీడియోగా రాసుకోవడం మొదలుపెట్టేది. తాళం తీసేదాకా ఆగేది కాదు. కార్డు నిండిపోతే అన్నిటికంటే పాతది చెరిపేసి ఆ చోటులో కొత్తది రాసుకునేది. అన్ని డాష్‌క్యామ్‌లూ చేసేదే.

ఈ కెమెరా మాత్రం వాన చూస్తే వానే దాచేది. మొదటిసారి కార్డు బయటికి తీసిన రోజు పొద్దున దారిలో చినుకులు పడ్డాయి. చిన్నోడు కార్డు తెచ్చి ఆఫీసు గదిలో బల్ల మీద పెట్టగానే దాని చుట్టూ వాన మొదలైంది. అక్క విత్తనాల పొట్లాలు ఎత్తి అల్మారాలో పెట్టి, "బయట పెట్టరా, నేల ఇప్పుడే తుడిచాను" అంది.

అప్పటినుంచీ కార్డు తీయాలంటే ఆరుబయటే. నర్సరీ మధ్యలో ఉన్న ఇనప స్తంభానికి బట్టల క్లిప్పుతో తగిలించేవాడు. కెమెరా ఎంత వెడల్పు చూసిందో అంత వెడల్పున, విసనకర్ర విప్పినట్టు, వాన పడేది. రాసుకున్నంతసేపూ పడేది. ఎండ రాసుకుని ఉంటే ఎండ కాసేది. ఒకసారి బయటికి తీశాక మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు.

పక్క స్థలంలో మట్టి కుండీలు చేసే పిన్ని గోడ మీదనుంచి కేకేసేది. "ఒరేయ్ చిన్నోడా! మీ వాన అంచు నా పచ్చి కుండీల మీద పడుతోంది. కాస్త అటు తిప్పు!"

చిన్నోడు వచ్చి క్లిప్పు అటు తిప్పేవాడు.

ఆ వేసవిలో నర్సరీ బోరు ఎండిపోయింది. సరిగ్గా అప్పుడే అక్క చేతిలో ఎన్నడూ చూడనంత పెద్ద ఆర్డరు ఉంది. కొత్తగా కడుతున్న ఆసుపత్రి ఆవరణలో నాటడానికి నాలుగు వేల మొక్కలు. తోటల సూపర్‌వైజరు మేడమ్ సోమవారం వచ్చి చూస్తానంది. మొక్కలు వాడి ఉంటే ఆర్డరు పోయినట్టే. ఆర్డరు పోతే నర్సరీ కూడా పోయినట్టే. ఎందుకంటే స్థలం అద్దెకిచ్చిన ఆయన అప్పటికే టేపూ సుద్దముక్కా పట్టుకుని తిరుగుతున్నాడు. మొక్కల వరసల మధ్య సిమెంటు బాటల మీద తెల్ల గీతలు గీస్తున్నాడు.

"ఇవేంటండీ?" అంది అక్క.

"ఏం లేదమ్మా. కార్ల పార్కింగుకి. ఒక్కో కారుకి ఎనిమిది అడుగులు. మీ ఆర్డరు సంగతి తేలేదాకా నేనేమీ అననులే. గీసి పెట్టుకుంటున్నానంతే."

అక్క బకెట్టు అడుగున ఉన్న నీళ్లు చిన్న చెంబుతో పంచుతూ పోయింది. ఆమె ముఖం చూసి చిన్నోడు వ్యాను తాళం అందుకున్నాడు. కొండ అవతల వాన పడుతోందని డ్రైవర్లు చెప్పుకుంటున్నారు. మూడు గంటల దారి.

మధ్యాహ్నం మూడింటి దాకా ఆ వానలో వ్యాను నిలబెట్టి తిరిగొచ్చాడు. స్తంభానికి తగిలిస్తే గంట వాన పడింది, ఆ తర్వాత మూడు గంటలు సాయంకాలపు ఎండ కాసింది. తడిసిన పైమట్టి మళ్లీ పొడిపొడి.

"తిరిగొచ్చేటప్పుడు దారిలో ఉన్న ఎండ వానని చెరిపేసింది" అన్నాడు చిన్నోడు. "నాలుగు గంటల కార్డులో మూడు గంటలు తిరుగుదారికే పోయాయి."

"అక్కడే కార్డు తీసి జేబులో పెట్టుకోలేకపోయావా?"

"దారంతా జేబులో వాన కురుస్తుంది కదక్కా."

"పోనీ కెమెరాకి గుడ్డ కప్పరాదూ?"

"కప్పితే చీకటి రాసుకుంటుంది. అదీ చోటు తినేదే. పోయిన నెల గులాబీల మీద పట్టపగలు చీకటి పడలేదూ?"

"అదా! నాకు కళ్లు తిరిగాయనుకుని నిమ్మకాయ నీళ్లు తాగాను కదరా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే చిన్నోడు లెక్క వేశాడు. నాలుగు వేల కుండీలు వేళ్లదాకా తడవాలంటే ఇరవై నాలుగు గంటల వాన కావాలి. తిరుగుదారి మూడు. మొత్తం ఇరవై ఏడు. గంటకి ఎనిమిది చొప్పున రెండు వందల పదహారు జీబీ. పెద్ద కార్డు కావాలి.

లెక్క తప్పలేదు. తొందరే కొంప ముంచింది. బస్టాండు దగ్గర పేవ్‌మెంటు మీద ఒకడు రెండు టీల ఖరీదుకే ఒక టీబీ కార్డు అమ్ముతున్నాడు. ఒక టీబీ అంటే వెయ్యి జీబీ! నూట పాతిక గంటలు! ఐదు రోజులకి సరిపడా వాన! చిన్నోడి చెవుల్లో అప్పటికే ఉరుములు వినిపించాయి. కొని, కెమెరాలో కూరి, కొండ అవతల ఒక పగలూ రాత్రీ కూర్చుని, మర్నాడు మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చి గర్వంగా స్తంభానికి తగిలించాడు.

గంటసేపు మిట్టమధ్యాహ్నపు ఎండ కాసింది. అసలు ఎండ మీద ఇంకో ఎండ. ఆపుదామంటే ఆగదు. స్తంభానికి దగ్గరగా ఉన్న రెండు వరసల మొక్కలు కళ్లముందే కమిలిపోయాయి. ఆ కార్డు మీద రాసింది టీబీ, లోపల ఉన్నది ఎనిమిది జీబీ. ఒక్క గంటకి సరిపడా చోటులో వాన మీద వాన, దాని మీద ఎండ రాసుకుంటూ పోయింది.

అక్క మాడిన మొక్కలు ఒక్కొక్కటే పీకి గంపలో వేసింది. రెండు వందలు. చేతులు దులుపుకుని, "ఆయనకి ఫోన్ చేసి స్థలం ఇచ్చేస్తానని చెప్పేయనా చిన్నోడా?" అంది.

"సోమవారం దాకా చెయ్యకు."

"ఈరోజు శుక్రవారం."

"అందుకే వెళ్తున్నా."

మెమరీ కార్డుల షాపు బజారు వీధి మలుపులో ఉంది. లోపల మందపాటి కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన దీపం కింద ఫోన్ విప్పుతున్నాడు.

"అన్నా, ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద కార్డు ఇవ్వు."

"ఐదు వందల పన్నెండు ఉంది. దేనికి?"

"డాష్‌క్యామ్‌కి."

"ఏ డాష్‌క్యామ్? ఎంతదాకా తీసుకుంటుంది?"

చిన్నోడు లెక్కలన్నీ వేశాడు గానీ ఆ మాట కెమెరాని అడగనే లేదు. పరిగెత్తుకెళ్లి వ్యాను డాష్‌బోర్డు అరలో పాత గుడ్డల కింద వెతికితే కెమెరాతో వచ్చిన చిన్న పుస్తకం దొరికింది. నాలుగో పేజీలోనే ఉంది, మైక్రో ఎస్‌డీ, రెండు వందల యాభై ఆరు జీబీ వరకు.

"ఐదు వందల పన్నెండు పెడితే ఏమవుతుందన్నా?"

"కొన్ని కెమెరాలు మాట్లాడకుండా తీసుకుంటాయి. కొన్ని మొదటిరోజు తీసుకుని రెండోరోజు మొండికేస్తాయి. నీకు తీరిక ఉంటే పెట్టి చూడు."

"తీరిక లేదు. నూట ఇరవై ఎనిమిదైతే..." చిన్నోడి వేళ్లు కౌంటర్ మీద కదిలాయి. "తిరుగుదారి పోగా సగం వానే మిగులుతుంది. చాలదు. రెండు వందల యాభై ఆరే కావాలి."

"వానకా, ఎండకా?"

"వానకి."

షాపాయన రెండు కార్డులు పక్కపక్కన పెట్టాడు. రెండిటి మీదా ఒకటే అంకె. "ఇది ఫొటోలవాళ్లు తీసుకెళ్లేది. వేగం ఎక్కువ, పందెం గుర్రంలా దౌడు తీస్తుంది. ఇదేమో హై ఎండ్యూరెన్స్. అంటే ఓపిక. పగలూ రాత్రీ చెరిపి రాస్తూ ఉన్నా అలిసిపోదు. బండి లాగే ఎద్దనుకో."

"వేగం సరిపోతుందా మరి?"

"ఇదిగో, యూ అక్షరంలో మూడు ఉంది చూడు. నీ కెమెరాకి ధారాళంగా సరిపోతుంది."

"ఎద్దునే ఇవ్వు. కానీ లోపల నిజంగా అంత ఉందో లేదో చూసి ఇవ్వు అన్నా. ఇప్పటికే ఒకడు నన్ను మాడ్చాడు."

ఆయన నవ్వి కార్డుని కంప్యూటర్లో పెట్టి, నిండేదాకా రాయించి, తిరిగి చదివించాడు. గంటపైనే పట్టింది. చిన్నోడు కుర్చీ అంచున కూర్చుని తెరమీద పాకే గీతనే చూశాడు. చివర రెండు వందల ముప్ఫై ఎనిమిది అని వచ్చింది.

"పద్దెనిమిది ఏదీ?" లేచి నిలబడ్డాడు.

"కూర్చో తమ్ముడూ, ఎవరూ తినలేదు. కంపెనీవాడు లెక్కపెట్టే తీరు వేరు, కంప్యూటరు లెక్కపెట్టే తీరు వేరు. అన్ని కార్డులకీ ఇంతే."

రెండు వందల ముప్ఫై ఎనిమిదిలో రెండు వందల పదహారు పోగా ఇరవై రెండు మిగులు. చిన్నోడు ఊపిరి వదిలాడు.

"ఇంకో మాట" అన్నాడు షాపాయన. "ఫార్మాట్, అంటే మొత్తం చెరిపి సిద్ధం చేయడం, ఇక్కడ చెయ్యను. నీ కెమెరాలోనే చేసుకో. దాని సంచీ అది సర్దుకుంటేనే దానికి నచ్చుతుంది."

శనివారం తెల్లవారేసరికి చిన్నోడు కొండ అవతల వానలో ఉన్నాడు. దారిలో పట్టినదంతా మొక్కలకి ముందుగా వడ్డించడం ఎందుకని, అక్కడికి చేరాకే కెమెరాలో ఫార్మాట్ నొక్కాడు. కెమెరా ఒక్క క్షణం ఆలోచించి కీచుమంది. తెర మీద చిన్న ఎర్రచుక్క వెలిగింది. బ్యాటరీ పడిపోకుండా మధ్యమధ్య ఇంజను వేస్తూ, అద్దం తుడుస్తూ, బ్రెడ్డు ముక్కలు నములుతూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఎంత పట్టింది?"

"యాభై ఆరు. ఏడు గంటల వాన. మంచి లావు చినుకులక్కా. నీ మొక్కలు ఎలా ఉన్నాయి?"

"తలలు వాల్చాయి. వేళ్లు ఇంకా బతికే ఉన్నాయి. నువ్వు నిద్రపోకు."

"అదెక్కడికి పోతుంది? ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. నేను నిద్రపోయినా అది పోదు."

నిజంగానే అది పోలేదు. మర్నాడు తెల్లవారగానే చిన్నోడు బయల్దేరాడు. తిరుగుదారిలో పడేది ఎలాగూ పొద్దుటి ఎండే, అది మెత్తగా ఉంటుందని ముందే లెక్కేసుకున్నాడు. ఆదివారం తొమ్మిదింటికి నర్సరీలో దిగి, కెమెరాలోంచి కార్డు తీసి, క్లిప్పుకి తగిలించాడు.

వాన మొదలైంది. అక్క గొడుగు తెరవలేదు. వరసల మధ్య నిలబడి తడిసింది. పిన్ని గోడ అవతల కుండీల మీద పట్టా కప్పుకుంటూ, "ఎంతసేపురా?" అని అరిచింది.

"రేపు పొద్దుటిదాకా పిన్నీ!"

"అమ్మో! చెప్పి చావచ్చు కదా, ఇంకో పట్టా తెచ్చుకునేదాన్ని!"

ఆ పగలూ ఆ రాత్రీ వాన పడింది. కుండీలు నిండాయి, మట్టి నల్లబడింది. సోమవారం తొమ్మిదింటికి వాన ఆగి, కార్డులోంచి మెత్తటి పొద్దుటెండ కాయడం మొదలైంది. రోడ్డు మీద మనుషులు ఎండకి చేతులు అడ్డం పెట్టుకుని నడుస్తుంటే, నర్సరీలో మాత్రం ఆకుల మీద చుక్కలు మెరుస్తూ తెల్లవారుతోంది.

సూపర్‌వైజరు మేడమ్ పదింటికి వచ్చింది. ఒక కుండీ బోర్లించి, మట్టిముద్దతో సహా మొక్కని బయటికి తీసి వేళ్లు చూసింది. ఇంకోటి తీసింది. దూరంగా ఉన్న వరసలోంచి మరోటి. మూడోదాని వేళ్లు కూడా తెల్లగా, నీళ్లోడుతూ ఉన్నాయి.

"ఎన్ని గంటల వాన?" అంది.

"ఇరవై నాలుగండీ" అన్నాడు చిన్నోడు.

"ఆ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయేం?"

అక్క నోరు తెరిచేలోగా చిన్నోడే చెప్పాడు. "నకిలీ కార్డు కొన్నానండీ. ఎండకి పోయాయి."

"మూడు వేల ఎనిమిది వందలు ఈరోజే ఎక్కించండి. ఆ రెండు వందలు తర్వాత పంపండి." ఆమె చేతులకంటిన మట్టి దులుపుకుంది. "ఆసుపత్రి వెనక వైపు ఇంకా ఆరు వేలు నాటాలి. అవీ మీరే పెంచండమ్మా. బయటి నుంచి తెచ్చినవి ఇలా ఉండవు."

అక్క తలూపింది. అప్పుడే స్థలం ఆయన టేపు పట్టుకుని గేటులోకి వచ్చాడు. సిమెంటు బాటల వంక చూశాడు, వంగి చూశాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఒక్క గీత కూడా లేదు.

"నా గీతలేవమ్మా?"

"కడుక్కుపోయాయండీ" అంది అక్క. అంతసేపూ ఆగిన నవ్వు అప్పుడు పొంగింది. "కాగితాలు తెచ్చుకోండి. ఇంకో ఐదేళ్లకి రాసుకుందాం."

ఆయన టేపు చుట్టుకున్నాడు. పోతూ పోతూ ఒక తులసి మొక్క ఎంతని అడిగి, పట్టుకెళ్లాడు.

మధ్యాహ్నానికి వ్యాను మూడుసార్లు నిండి మూడుసార్లు ఖాళీ అయింది. చిన్నోడు కార్డు తుడిచి కెమెరాలో పెడుతుంటే పిన్ని గోడ మీద మోచేతులు ఆనించి నిలబడింది.

"ఆరు వేల మొక్కలకి ఆరు వేల కుండీలు కావాలట. మీ అక్క నాకే చెప్పింది. ఇంకో నెలలో అసలు వానలు మొదలవుతాయి. నా కుండీలు ఎలా ఆరతాయిరా?"

చిన్నోడి వేళ్లు స్టీరింగు మీద కదిలాయి. "ఒక కార్డుకి ఇరవై తొమ్మిది గంటల ఎండ. కానీ మొదలైతే రాత్రి కూడా ఆగదు పిన్నీ."

"ఆగకపోతే ఇంకా మంచిది. నేను ముసుగు తన్ని పడుకుంటా, అవే ఆరతాయి."

"అయితే ఇంకో ఐదు కార్డులు కావాలి. ఓపిక ఉన్నవి."

చిన్నోడు డాష్‌బోర్డు అరలోంచి కెమెరా పుస్తకం తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తాళం తిప్పాడు. కెమెరా కీచుమని, ఫార్మాట్ చేయాలా అని అడిగింది. ఎదురుగా బజారు వీధి పొడుగునా మండు వేసవి ఎండ, ఒక్క జీబీ కూడా ఇంకా ఎవరూ పట్టనిది, తెల్లగా పరుచుకుని ఉంది. చిన్నోడు 'అవును' మీదకి వేలు చాపాడు.