పొయ్యి గట్టు మీద గ్లాసు

నవంబరులో వచ్చే మార్టిన్ పండుగ నాడు మా బావ కాసియన్ ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. బావ, అక్క అగాతె, వాళ్ల కూతురు మెనా, నేను. మర్నాడు లోయలోని ద్రాక్ష సంఘం మనిషి సంతకం కోసం వస్తాడు. బావ సంతకం పెడితే ఇక మీదట పళ్లన్నీ సంఘానికే పోతాయి. ఇంటి కింద నేలమాళిగలో వైన్ చేయడం ఉండదు. మెనాకు ఆ నేలమాళిగ తప్ప వేరే ధ్యాస లేదు.

తగాదా అంతా పీపా గురించి. మా కొండ మీద తెల్ల వైన్‌ను స్టీలు తొట్లలో ఉంచి, వసంతం రాగానే తాగడం మొదలుపెడతాం. మెనా మూడు రకాల తెల్లద్రాక్ష కలిపింది. ఎగువ మడి వైస్‌బుర్గుండర్ ఎక్కువ, షార్డనే కొంత, సావిన్యాన్ కాస్త. దాన్ని కొత్త ఓక్ చెక్క పీపాలో పోసి ఏడాది దాటించింది. ఆ మాత్రం చెక్క రుచికి వడ్రంగి కొట్టుకు వెళ్లి బల్ల నాకితే సరిపోయేదని బావ ఊరంతా చెప్పుకున్నాడు. అయినా కూతురికి ఒక మాట ఇచ్చాడు. పండుగ నాడు తాగి చూస్తాడు, నచ్చితే సంతకం పెట్టడు.

ఆ ఉదయం నేను వెళ్లేసరికి మెనా సీసాను వాకిట్లోని నీళ్ల తొట్టిలో దించుతోంది. కొండ మీంచి గొట్టంలో వచ్చే నీళ్లవి. చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. తెల్ల వైన్ ఏదైనా మేం అందులోనే పెడతాం. అది ఆలోచించి చేసే పని కాదు.

ముందు పొగబెట్టిన పంది మాంసం, గట్టి రొట్టె వచ్చాయి. బావ ఒక గుక్క తాగాడు. దవడ బిగిసింది.

"రంపం పొట్టు ఏమైనా కలిపావా ఇందులో?" అన్నాడు.

నేనూ తాగాను. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. పులుపు, చేదు, చెక్క. పండు జాడే లేదు. మెనా తన గ్లాసు రుచి చూసి పాలిపోయింది.

"కింద నేలమాళిగలో తాగినప్పుడు ఇలా లేదు నాన్నా."

"కింద ఉంటే నీకన్నీ బాగానే ఉంటాయి."

బావ గ్లాసును వీపు వెనక, గదిని వెచ్చబెట్టే పొయ్యి గట్టు మీదికి నెట్టేశాడు. తర్వాత బార్లీ సూప్ వచ్చింది. ఈ ఏడు ఆపిల్ కాపు గురించి, నిచ్చెన మీంచి పడిన పొరుగాయన గురించి మాట్లాడుకున్నాం. మెనా చెంచా ముట్టలేదు. సూప్ నీకేం ద్రోహం చేసిందని అక్క మెల్లగా మందలించింది.

చివరికి చీజ్ ఉండలు వచ్చాయి, మీద ఎర్రగా కాచిన వెన్నతో. పోసిన వైన్ పారబోయడం బావకు చేతకాదు. గట్టు మీది గ్లాసు అందుకుని, చేదు మందు మింగినట్టు గుక్క వేశాడు. నమలడం ఆపాడు. ఇంకో ముక్క నోట్లో పెట్టుకుని మళ్లీ తాగాడు, ఈసారి నిదానంగా.

మెనా ఆయన్నే చూస్తోంది. తన గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుంది. కాసేపటికి ఒక చుక్క తాగింది.

"పాడు చేసింది నేనే. దీన్ని నీళ్ల తొట్టిలో పెట్టాల్సింది కాదు. చలికి బిగుసుకుపోయింది," అంది.

నేనూ గ్లాసును అరచేతుల్లో వెచ్చబెట్టి తాగాను. చెక్క వాసన వెన్నలో కలిసిపోయింది. దాని వెనకనుంచి మాగిన బేరిపండు మెల్లగా పైకొచ్చింది.

"మాంసంతో తాగేది కాదిది. మాంసానికి మన ఎర్ర వైనే," అన్నాడు బావ, ఎవరినీ చూడకుండా. "దీనికి వెన్న కావాలి."

రేపు వచ్చే మనిషికి ఏం చెప్పాలని అక్క అడిగింది. బావ రొట్టె ముక్కతో పళ్లెంలోని వెన్నంతా తుడిచాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"వచ్చే ఏడు కొత్త పీపా కొనకు. ఈ పీపానే మళ్లీ వాడు. చెక్క పొగరు తగ్గుతుంది."

మెనా తల ఊపింది. బావ ఖాళీ గ్లాసు ఆమె వైపు జరిపాడు. ఆమె సీసా వంచి పోసింది.

"ఇంకా చల్లగానే ఉంది నాన్నా. కాసేపాగు."

"ఆగుతాలే," అని బావ ఇంకో ఉండ వడ్డించుకున్నాడు.