బావమరిది పరీక్ష

సొంత బావమరిదికి పరీక్ష పెట్టాల్సిన గతి పగవాడికి కూడా వద్దు. పైలట్లకు శిక్షణ ఇచ్చే ఒకాయనకు ఆ గతే పట్టింది; చుట్టరికం ఉంది మహాప్రభో అని ముందే మొత్తుకున్నాడు. ఇంకెవరూ ఖాళీ లేరంటూ కంపెనీ ఆయన నెత్తినే రుద్దింది.

బావమరిది సిమ్యులేటర్ అనే ఉత్తుత్తి విమానంలో దర్జాగా కూర్చున్నాడు. తెలివితక్కువవాడేం కాదు. కానీ ఆ కంపెనీలో చేత్తో విమానం నడిపినవాడు సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకని ప్రతిసారీ పైకి లేచిన కాసేపటికే ఆటోపైలట్ పెట్టేసి, ఏళ్ల తరబడి బుద్ధిగా చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఆ రోజు పరీక్షలో శిక్షకుడు చెప్పాపెట్టకుండా ఆటోపైలట్ ఆపేశాడు. అలారం మోగింది. విమానాన్ని చేతిలోకి తీసుకోవాల్సినవాడు ఆటోపైలట్ బటన్‌నే మళ్లీ మళ్లీ నొక్కాడు. విమానం ముక్కు కిందికి వాలింది. తెర మీద నేల మీదికొచ్చేసింది.

శిక్షకుడు ఫెయిల్ చేశాడు. తమ్ముడి నోటికాడ కూడు లాగేశారని భార్య చాన్నాళ్లు మూతి ముడుచుకుంది. ఆయనకు మాత్రం బాధ లేదా? ఆ పిల్లాడికి సైకిల్ నేర్పింది ఆయనే.

తీరా చూస్తే ఆటోపైలట్ ఆపేసే దగ్గర బోర్లాపడ్డవాళ్లు చాలామందే తేలారు. కంపెనీ పెద్దలు తీరిగ్గా కూర్చుని బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. పైలట్లకు చేత్తో నడపడం నేర్పించారా అంటే, లేదు. పరీక్షలోంచి ఆ ముక్కనే పీకేసి పుణ్యం కట్టుకున్నారు. రెండోసారి బావమరిది ఇట్టే గట్టెక్కాడు. తను కాకపోతే ఇంకొకడు పెడతాడని సర్దిచెప్పుకుని శిక్షకుడు సంతకం పెట్టాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

భార్య ముఖం చేటంత చేసుకుంది. సెలవులకు మామయ్య విమానంలోనే వెళ్దామని పిల్లలకు మాట కూడా ఇచ్చేసింది. ఆ సాయంత్రం బావమరిది స్వీట్లు పట్టుకొచ్చాడు. అక్క వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"అక్కనీ పిల్లల్నీ నా ఫ్లైట్ ఎక్కించకు బావా. ఏదో ఒకటి చెప్పి మాన్పించు."

"మరి మిగతావాళ్లనో?"

బావమరిది స్వీట్ల డబ్బా బావ ముందుకు జరిపాడు. బావ ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. మర్నాడు వెళ్లి వేరే కంపెనీ విమానానికి టికెట్లు కొన్నాడు.