చల్లబడ్డ ఒళ్ళు

జ్వరం దిగిన మనిషి ఎట్లా చనిపోతాడు? ఈ అనుమానం నర్మద మనసులో ఏళ్ళ తరబడి నలుగుతూనే ఉంది.

ఆసిఫాబాద్ దగ్గరి పుట్టింట్లో తమ్ముడు లక్ష్మణ్ జ్వరంతో కాలిపోయాడు. ఒక సాయంత్రం ఒళ్ళు చల్లబడింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. అవ్వ సంబరంగా జావ కాచింది. ఆ జావ ఆరకముందే వాడు పోయాడు. నర్మద దేవుణ్ణి తప్పుపట్టే మనిషి కాదు. దీపం పెట్టనిదే నోట్లో నీళ్ళైనా పోసుకోదు. కానీ దీపం ముందు నిలబడ్డప్పుడల్లా ఈ ప్రశ్నే ఎదురొచ్చేది.

ఇప్పుడామె కరీంనగర్‌లో ఒక పరిశోధనశాలలో చిట్టెలుకలకు మేత వేసి, డబ్బాలు శుభ్రం చేసే పనిలో ఉంది. ఆ పొద్దున కూడా ఒక్కో డబ్బా ముందు వేడి కొలిచే మిషన్ పట్టుకుని అంకె చదువుతోంది. ఇంట్లో భర్త మల్లేష్ జ్వరంతో పడుకుని ఉన్నాడు. వరి కోస్తుంటే కొడవలి తగిలి పాదం చీరుకుంది, అది వాచింది. మనసంతా అక్కడే ఉంది.

"మేడం, గీ డబ్బలయి సల్లబడ్డయి! జ్వరం దిగింది," అంది సంతోషంగా.

అక్కడ పరిశోధన చేసే సృజన గబగబా వచ్చి చూసింది. ఎలుకలు బొచ్చు నిక్కబొడుచుకుని ఒక మూల ముద్దగా పడి ఉన్నాయి.

"సల్లబడుడు మంచిది కాదు నర్మదక్కా. పానం మీదికొచ్చినట్టు."

"జ్వరం దిగితే మంచిదే గద మేడం?"

"మనం వీటికి ఎక్కించింది చచ్చిన క్రిముల పొట్టు. దాన్ని జూసి ఒళ్ళు బెదురుతది. 'కొట్టుండ్రి, కొట్టుండ్రి' అని ఒంట్ల కబుర్లు పోతయి. సైటోకైన్లు అంటం వాటిని. కబుర్లు మితి దప్పినయనుకో, ఒళ్ళు తన లివర్‌నూ కిడ్నీలనూ తనే కొట్టుకుంటది. ఇగ వేడి గూడ నిలువది."

"మరి గా పక్క డబ్బలయి మంచిగనే తింటున్నయి?"

"వాటికి 'ఇగ చాలు, ఆపుండ్రి' అనే కబురు గూడ ఎక్కించినం."

నర్మద మిషన్‌ను మళ్ళీ ఆ చల్లబడ్డ డబ్బా వైపు తిప్పింది. అప్పుడే ఫోన్ మోగింది. అత్త బాలలక్ష్మి.

"బిడ్డా, ఇగ ఫికర్ లేదు. మల్లేష్ ఒళ్ళు సల్లబడ్డది! జావ కాస్తున్న."

"అత్తమ్మా, చేతులు ముట్టి చూడు. ఎట్లున్నయి?"

"మంచు లెక్క సల్లగున్నయంటున్న గద."

"ఒంటికి పోయిండా?"

"రాత్రి నుంచి లేదు. పిలిస్తే ఏందో గొణుగుతుండు, నిద్రమత్తు."

"పొయ్యి ఆర్పు. పక్కింటి ఖయ్యూం అన్నను పిలిచి ఆయన ఆటోల దవాఖానకు తీస్కరా. నేను గాడికే వస్త."

"జ్వరం దిగినోన్ని దవాఖానకా? ఎలుకల కాడ పనిజేసి డాక్టరమ్మవైనవా?"

"అత్తమ్మా, నా తమ్ముడు గూడ గిట్లనే సల్లబడ్డడు!"

అవతలి నుంచి "ఓ ఖయ్యూమూ!" అన్న కేక వినిపించింది.

"నేను డాక్టర్‌ను గాదక్కా, మనిషీ ఎలుకా ఒక్కటి గాదు. అయినా ఆగకు, పో," అంది సృజన.

దవాఖానలో మల్లేష్ పెదవులు నల్లబడి ఉన్నాయి. నాడి దొరకక నర్సు మళ్ళీ మళ్ళీ వెతికింది. పాదం పుండు నుంచి విషం ఒళ్ళంతా పాకిందనీ, బీపీ పడిపోయిందనీ, కిడ్నీలు పనిచేస్తాయో లేదో ఇప్పుడే చెప్పలేమనీ డాక్టర్ అన్నాడు. సెలైన్లు పెట్టారు, మందులు ఎక్కించారు, మూత్రానికి గొట్టం వేశారు.

గొట్టం చివరి సంచి ఖాళీగా వేలాడుతోంది.

"పోచమ్మ తల్లీ, నా కొడుకును సల్లగ సూడు," అని అత్త చేతులు జోడించింది. "నువ్వు గూడ మొక్కు బిడ్డా."

నర్మద నోటికి ఆ 'సల్లగ' అనే మాట రాలేదు. తమ్ముని ఒళ్ళు చల్లబడితే పోచమ్మకు సాక పోస్తానని, అంటే వేపకొమ్మ వేసిన చెంబెడు పసుపునీళ్ళతో గద్దె తడుపుతానని ఆనాడు మొక్కింది. అడిగింది అడిగినట్టే జరిగింది. తమ్ముడే దక్కలేదు. ఆ సాక పోయనూ లేదు, పోయననీ అనలేదు.

"తల్లీ, వెచ్చగ ఉంచు," అంది చివరికి. పోచమ్మను ఎవరూ అట్లా అడగరు. అత్త వింతగా చూసింది.

ఆటో బయట పెట్టి వచ్చిన ఖయ్యూం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "పరేషాన్ గాకు చెల్లె," అన్నాడు. అంటూనే అతని చూపూ సంచి మీదే ఉంది.

పొద్దు వాలే వేళకు గొట్టంలో సన్నటి పసుపుపచ్చ ధార కదిలింది. నర్సు వంగి చూసి, "వస్తుంది," అంది. నర్మద భర్త అరచేయి పట్టుకుంది. అందులోకి గోరువెచ్చదనం వస్తోంది.

మల్లేష్ లేచి తిరిగినాక అత్తాకోడళ్ళు పోచమ్మ గద్దెకు వెళ్ళారు. అత్త తన మొక్కు చెల్లించి పక్కకు జరిగింది. నర్మద చెంబు ఎత్తింది.

"మల్లేష్ పేరు జెప్పి పొయ్యి బిడ్డా."

"ఇది ఆయనది గాదు అత్తమ్మా, లక్ష్మణ్‌ది. తల్లి నా మాట విన్నది. నాకే అడుగుడు రాలే."

పసుపునీళ్ళు గద్దె మీది నుంచి జారి, ఎండిన మట్టిలోకి ఇంకిపోయాయి.