పన్నెండు గంటలు

లెక్కల టీచరమ్మకు జవాబు చెప్పి లెక్క చూపించని వాళ్లంటే ఒళ్లుమంట. బిడ్డకు మూడో నెల నడుస్తుండగా ఆమెకు ఆయాసం పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందేమో, వెంటనే స్కాన్ తీయించాలన్నాడు డాక్టరు. ఫోన్లోంచి తలెత్తకుండానే, "పాలిస్తున్నారా? మాన్పించేయండి" అన్నాడు.

"ఎన్నాళ్లండీ?"

"మాన్పించడమంటే మాన్పించడమే. రేడియేషనమ్మా!"

"ఎక్కించే మందేమిటి? ఒంట్లో ఎంతసేపుంటుంది?"

డాక్టరు గోడనున్న పట్టాల వంక చూశాడు. జవాబు అక్కడా లేదు. ఇన్ని పట్టాలకు పటాలు కట్టించుకున్న పెద్దమనిషికి ఒక్క పుస్తకం తిరగేసే ఓపిక లేకపాయెనని ఆమెకు రోత పుట్టింది. పక్కనే భర్త గంగిరెద్దులా తల ఊపుతున్నాడు.

మర్నాడు ఉదయం ఏడింటికి సూది వేయబోతూ స్కాన్ గదిలోని టెక్నీషియన్ డాక్టరు పాలు మాన్పించమన్న మాట విని నవ్వేసింది.

"పూర్తిగా మాన్పించేది కొన్ని అయోడిన్ మందులకమ్మా, దీనికి కాదు. ఇది ఆరుగంటలకోసారి సగమైపోతుంది. పన్నెండు గంటలు బిడ్డకి పట్టకండి, పాలు పిండి పక్కన పెట్టండి, చాలు. ముందే పిండి దాచినవి ఉంటే నిక్షేపంగా పట్టొచ్చు."

ఉన్నాయి. మళ్లీ బడికి వెళ్లాలని వారంగా పిండి ఫ్రీజరులో దాచిన ఎనిమిది సీసాలు.

గడ్డ లేదని తేలింది. తేలికపడ్డ మనసుతో ఇంటికొచ్చేసరికి సింకు పక్కన ఎనిమిదీ ఖాళీగా బోర్లించి ఉన్నాయి.

"పారబోశా వదినా! అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు, అంతా విషమట!" అంది ఆడపడుచు, ఊరిని కాపాడినంత గొప్పగా.

"సూది ఇవాళ వేశారు. ఆ పాలు పోయినవారానివి."

"ఏమో, నాకేం తెలుసు?"

"తెలీదని తెలిశాక చేతులు కట్టుకుని కూర్చోవచ్చుగా!"

బిడ్డ డబ్బా పాలు ఉమ్మేస్తూ సాయంత్రం దాకా ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఏడు దాటాక తల్లి ఒళ్లోకి తీసుకోగానే పాలు పట్టొద్దంటూ ఆడపడుచు అడ్డం పడింది. భర్త డాక్టరుకే ఫోన్ కలిపి స్పీకరు పెట్టి, పొద్దున ఏడింటికి సూది వేశారని చెప్పాడు.

"పన్నెండు గంటలైందిగా, పట్టమనండి" అంది ఆ గొంతు.

"నిన్న మాన్పించేయమన్నారు కదండీ?"

"ఏదో జాగ్రత్తకి అంటాం. మీరే కంగారుపడిపోతారు."

భర్త ఫోన్ పెట్టేశాడు. ఆడపడుచు, "ఆ ముక్క నిన్ననే ఏడవొచ్చుగా!" అని గొణిగింది. టీచరమ్మ ఇద్దరి వంకా చూడనైనా చూడలేదు. తలుపు గడియ పెట్టి కూర్చుంది. మూసిన పిడికిలి ఆమె రొమ్ముకి ఆనించి, బిడ్డ గుటుకు గుటుకున తాగుతోంది.